లినక్స్‌కు మారాను, డిస్కులు ఇంకా మారుతున్నాయి

మొదటి వారం

విండోస్ 10కు మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది కదా, దాని పక్కనే లినక్స్ మింట్ అనే మరో ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకున్నాను. అందులో చెప్పుకోదగ్గ కష్టమేమీ లేదు. చిక్కంతా 1 టీబీ, 2 టీబీ ఎక్స్‌టర్నల్ డిస్కులతోనే. రెండూ ఎన్‌టీఎఫ్ఎస్, అంటే విండోస్ వాడే ఫైల్ పద్ధతిలో ఉన్నవి.

పెద్ద డిస్కు తగిలించగానే ఫొటోలన్నీ తెరుచుకున్నాయి. కొత్త ఫోల్డరు పెట్టబోతే మాత్రం 'రీడ్ ఓన్లీ' అని మొండికేసింది. పర్మిషన్లు మార్చాను, సుడో (అడ్మిన్ అధికారంతో నడిపే కమాండ్) వాడాను, కేబుల్‌ను కూడా అనుమానించాను. రెండు సాయంత్రాలు వృథా. తీరా చూస్తే, త్వరగా తెరుచుకోవడానికి విండోస్‌లో ఉండే ఫాస్ట్ స్టార్టప్ అనే సెట్టింగ్ ఆన్‌లో ఉంటే విండోస్ షట్‌డౌన్ చేసినా పూర్తిగా ఆగదు, సగం నిద్రలో ఉంటుంది. అప్పుడు తగిలించి ఉన్న డిస్కు సరిగ్గా మూతపడదు. అలాంటి దానిపై రాస్తే డేటా చెడుతుందని లినక్స్ జాగ్రత్తపడింది, అంతే. విండోస్‌లోకి వెళ్లి ఫాస్ట్ స్టార్టప్ తీసేసి, డిస్కు లోపాలు సరిచేసే చెక్‌డిస్క్ నడిపి, 'సేఫ్లీ రిమూవ్' చేశాక దారికొచ్చింది.

రెండో వారం

చిన్న డిస్కును లినక్స్ వాడే ఫైల్ పద్ధతి ఈఎక్స్‌టీ4కు మార్చాను. డేటా ఉండగానే మార్చే వీలు లేదు కాబట్టి అందులోని 600 జీబీని పెద్దదానిలోకి పంపి, ఆర్‌సింక్ అనే కాపీ ప్రోగ్రామును చెక్‌సమ్‌తో (ఫైళ్ల లోపలి డేటాను పోల్చే పద్ధతి) మరోసారి నడిపి సరిచూసుకున్నాకే ఫార్మాట్ చేశాను. కొత్తగా ఫార్మాట్ చేసిన డిస్కుకు యజమాని రూట్ (సిస్టమ్ అడ్మిన్ ఖాతా) కాబట్టి, యజమానిని మార్చే చౌన్ కమాండ్‌తో నా పేరున రాయించుకున్నాను. ఈఎక్స్‌టీ4 రూట్ కోసం 5 శాతం పక్కన పెడుతుంది. అంటే దాదాపు 50 జీబీ! ఫొటోల డిస్కుకు అదెందుకు? ట్యూన్‌టుఎఫ్ఎస్ అనే కమాండ్‌తో దాన్ని సున్నా చేశాను.

మూడో వారం

డిస్కు ఎప్పుడూ ఒకే చోట కనిపించాలని దాని యూయూఐడీని (డిస్కు గుర్తింపు సంఖ్య) ఎఫ్‌స్టాబ్‌లో, అంటే ఆన్ అయ్యేటప్పుడు ఏ డిస్కు ఎక్కడ తెరవాలో చెప్పే ఫైల్లో రాశాను. మర్నాడు డిస్కు తగిలించకుండా ఆన్ చేస్తే, తెర మీద ఎర్ర చుక్కలు అటూ ఇటూ తిరుగుతూ 90 సెకన్లు లెక్కపెట్టి, నేరుగా ఎమర్జెన్సీ మోడ్‌లో (మామూలు తెర రాకుండా, మరమ్మతుకు కమాండ్లు మాత్రమే ఇవ్వగల స్థితి) దింపాయి. ఎఫ్‌స్టాబ్‌లోని ఆ వరుసలో, డిస్కు లేకపోయినా ముందుకు సాగమని చెప్పే 'నోఫెయిల్' అన్న ఒక్క మాట చేర్చడం మరిచిపోయాను.

ఇంకొకటి: కాపీ నూరు శాతం చూపించినా నమ్మకండి. కొంత ఇంకా ర్యామ్‌లోనే ఉంటుంది. ఎజెక్ట్ నొక్కి, తీయవచ్చని చెప్పేదాకా కేబుల్ జోలికి వెళ్లకూడదు.

పెద్ద డిస్కు మాత్రం ఇప్పటికీ ఎన్‌టీఎఫ్ఎస్‌గానే ఉంది. అందులోని 1.3 టీబీని దించుకోవడానికి ఇంకెక్కడా చోటు లేదు.