పెరట్లో నాలుగు నాటుకోళ్లు పెంచుకుంటే చట్టం ఏమంటుంది?

కర్నూలు నగరంలో కలిసిపోయిన కల్లూరు వంటి పాత ఊళ్లలో పెరట్లో నాలుగు పెట్టలు, ఒక పుంజు తిరుగుతూ ఉండడం ఇప్పటికీ మామూలే. అయితే పక్కన కొత్త మేడలు లేచిన కొద్దీ "ఇది నివాస ప్రాంతం, ఇక్కడ కోళ్లు పెంచకూడదు, ఫిర్యాదు చేస్తాం" అనే బెదిరింపు కూడా మామూలైపోయింది. మాకు తెలిసిన ఒకావిడ ఆ ఒక్క మాటకే భయపడి, గుడ్లు పెడుతున్న పెట్టలను వచ్చిన ధరకు అమ్మేసింది. ఆమెకు ఎవరూ నోటీసు ఇవ్వలేదు, ఫలానా నియమం కింద తప్పు అని ఎవరూ చూపలేదు. ఇంటి ఖర్చుల్లో తన చేతికంటూ వచ్చే ఆ కాస్త గుడ్ల డబ్బును ఆమె పోగొట్టుకోవడం నాకు చాలా బాధ కలిగించింది కాబట్టి, ఈ విషయంలో చట్టం నిజంగా ఎక్కడ నిలుస్తుందో తెలిసినంతవరకు రాస్తున్నాను.

మాస్టర్ ప్లాన్‌లో (నగరంలో ఏ నేల దేనికో చూపే ప్రణాళికలో) ఒక ప్రాంతాన్ని నివాస జోన్‌గా గుర్తించినప్పుడు, ఆ నేలను దేనికి వాడుకోవచ్చో, దేనికి వాడకూడదో నిర్ణయిస్తారు. అక్కడ ఫ్యాక్టరీ, గోదాము, కోళ్ల ఫారం పెట్టకూడదనడం న్యాయమే. కానీ కుటుంబం నివసిస్తున్న ఇంటి పెరట్లో, ఇంటి అవసరానికి కొన్ని కోళ్లు ఉన్నంత మాత్రాన ఆ ఇల్లు ఫారంగా మారిపోదు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి మార్గదర్శకాలు సైతం 5,000 పక్షులు దాటిన ఫారాలనే అనుమతుల పరిధిలోకి తెచ్చాయి. అదే పెరటిలో షెడ్డు వేసి, పిల్లలను తెచ్చి పెంచి, మాంసానికి అమ్మడం మొదలుపెడితే అది వ్యాపారం అవుతుంది. అప్పుడు లైసెన్సు అడిగే అధికారం పురపాలక సంస్థకు ఉంటుంది. కర్నూలు వంటి నగరపాలక సంస్థలకు 1955 నాటి హైదరాబాద్ మునిసిపల్ కార్పొరేషన్ల చట్టాన్ని 1994 చట్టం ద్వారా వర్తింపజేశారు; ఆదోని వంటి పురపాలక సంఘాలకు 1965 నాటి మునిసిపాలిటీల చట్టం వర్తిస్తుంది. ఎవరైనా నియమం అంటే, ఈ రెండింటిలో దేని ప్రకారమో మొదట అడగాలి.

పెరటి కోళ్ల మీద అసలైన వివాదం న్యూసెన్స్, అంటే ఇతరులకు ఇబ్బంది కలిగించడం, దగ్గర వస్తుంది. నేరాలకు శిక్షలు చెప్పే భారతీయ న్యాయ సంహిత 270వ సెక్షన్ పబ్లిక్ న్యూసెన్స్ అంటే ఏమిటో చెబుతుంది. 292వ సెక్షన్ దానికి 1,000 రూపాయల వరకు జరిమానా విధిస్తుంది. ఆ నిర్వచనం ప్రకారం ఇబ్బంది ప్రజలకో, చుట్టుపక్కల నివసించే జనానికో కలగాలి. ఒక్క పొరుగింటివారికి నచ్చకపోతే అది పబ్లిక్ న్యూసెన్స్ కాదు. వారు కావాలంటే సివిల్ కోర్టుకు వెళ్లి, తమకు కలిగిన ఇబ్బంది సహించదగిన హద్దు దాటిందని రుజువు చేసుకోవాలి. నేర విచారణ పద్ధతిని చెప్పే నాగరిక సురక్షా సంహిత 152వ సెక్షన్ కింద ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు న్యూసెన్స్ తొలగించమని ఆదేశించినా, ముందు షరతుతో కూడిన ఉత్తర్వు (తొలగించు, లేదంటే వచ్చి కారణం చెప్పు అని) ఇచ్చి, అవతలివారి సంజాయిషీ వినాల్సిందే. నోటిమాటతో కోళ్లను పట్టుకుపోవడానికి చట్టంలో చోటు లేదు. కోడి కూడా ఆస్తే కనుక, చట్టం ఇచ్చిన అధికారం లేకుండా ఎవరి ఆస్తినీ తీసుకోరాదన్న రాజ్యాంగం 300ఏ అధికరణం దానికీ వర్తిస్తుంది.

ఇంత చెప్పినా, పుంజు విషయంలో మన వాదన బలహీనమని ఒప్పుకోవాలి. శబ్ద కాలుష్య నియమాలు, 2000 ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు రాత్రి వేళ. నివాస ప్రాంతంలో ఆ సమయానికి పరిమితి 45 డెసిబెల్స్. పుంజు తెల్లవారుజామున నాలుగు గంటలకే కూస్తుంది. పక్కింట్లో పసిబిడ్డో, గుండె జబ్బు మనిషో ఉంటే ఆ బాధ నిజమైనదే. పెట్టలు గుడ్లు పెట్టడానికి పుంజు అవసరం లేదు, పిల్లలు కావాలంటేనే కావాలి. ఇళ్లు ఇరుకుగా ఉన్న వీధిలో పుంజును పల్లెలోని బంధువుల దగ్గర ఉంచడం మేలని నా అభిప్రాయం. పెంటను రోజూ ఎత్తివేయడం, మేత చిందరవందర కాకుండా చూడడం, గూటిని పక్కింటి కిటికీకి దూరంగా పెట్టడం కూడా వాదనకు బలం ఇస్తాయి.

కోళ్లు గోడ దాటి పక్కవారి మిద్దె మీద ఆరబెట్టిన వడియాలను చెడగొడితే ఏం చేయాలని చాలామంది అడుగుతారు. 1871 నాటి పశువుల అతిక్రమణ చట్టంలో ఏనుగు, ఒంటె మొదలు మేకపిల్ల దాకా ఉన్నాయి గానీ కోడి లేదు, కనుక కోడిని బందెలదొడ్డికి తోలే వీలు లేదు. అలాగని నష్టపోయినవారికి మన వైపు నుంచి పరిహారం ఇవ్వడం మానుకోకూడదు. మరోపక్క, కోపంతో మందు పెట్టి కోళ్లను చంపితే న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద అయిదేళ్ల దాకా జైలు శిక్ష పడవచ్చు.

అమెరికాలో ఉన్న మనవాళ్లు ఈ మాట వస్తే మిషిగన్ ఉదాహరణ చెబుతుంటారు. అక్కడి 1981 నాటి రైట్ టు ఫార్మ్ (సాగు హక్కు) చట్టం స్థానిక జోనింగ్ (నేల వాడకం) నియమాల నుంచి సాగుదారులకు రక్షణ ఇచ్చేది. 2014లో మార్గదర్శకాలు మార్చి, ప్రధానంగా ఇళ్లున్న ప్రాంతాల్లో ఆ రక్షణను చాలావరకు తీసేశారు. మన దగ్గర అటువంటి ప్రత్యేక చట్టం లేదు కాబట్టి దాన్ని ఇక్కడ ఉదహరించి లాభం లేదు.

కొన్ని చోట్ల హక్కు అన్న మాటే పనికిరాదు. బర్డ్ ఫ్లూ నిర్ధారణ అయితే ఆ కేంద్రం నుంచి ఒక కిలోమీటరు లోపలి కోళ్లను ప్రభుత్వం చంపిస్తుంది, పరిహారం ఇస్తుంది. కోళ్లు వరసగా చనిపోతూ అంటువ్యాధి అనుమానం వస్తే స్థానిక అధికారులకు తెలియజేయడం 2009 నాటి జంతు అంటువ్యాధుల చట్టం ప్రకారం యజమాని బాధ్యత. కొక్కెర తెగులుకు (రాణీఖేత్ వ్యాధికి) టీకా వేయించడం అందరికీ మంచిది. పందెం కోళ్ల పేరుతో పెంచేవారికి జంతు హింస నిరోధక చట్టం, 1960 అడ్డు నిలుస్తుంది. అద్దె ఇంట్లోనైతే యజమాని ఒప్పుకోలు తీసుకోవాలి.

ఎవరైనా వచ్చి కోళ్లు తీసేయమంటే, సెక్షన్ రాసిన నోటీసు ఇవ్వమని మర్యాదగా అడగండి. ఆ నియమం ప్రతి కోసం సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల రుసుముతో దరఖాస్తు పెట్టవచ్చు. మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలని 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం చెబుతోంది; అందుకు జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లాలి. నోటీసు వస్తే గడువు లోపల రాతపూర్వకంగా జవాబు ఇచ్చి, శుభ్రం చేసిన గూటి ఫోటోలు, టీకా వేయించిన కాగితం జతచేసి, తీసుకున్నట్టు ముద్ర వేయించుకోండి.