పచ్చగా ఉన్న మొక్కనే పీకండి

నూగుల (నువ్వుల) చేలో మిగతావన్నీ కాయ పట్టి పసుపు తిరుగుతుంటే, ఒకటి రెండు మొక్కలు మాత్రం ముదురు పచ్చగా, గుబురుగా నిలబడి ఉంటాయి. చూసేవాళ్లకు అవే బలమైనవి అనిపిస్తాయి. మా పాకాల వైపు చాలామంది వాటి జోలికి పోరు. చేనంతటికీ చేటు తెచ్చేది ఆ మొక్కే.

మా చిన్నాయన చేలో అలాంటి కొమ్మ ఒకటి తుంచి చూశాను. నూగు పువ్వు తెల్లగానో లేత గులాబీగానో ఉండాలి. దీని రేకలు పచ్చబడి, ఆకుకున్నట్టే ఈనెలు తేలి ఉన్నాయి. గోటితో విప్పితే లోపల కాయ కట్టాల్సిన చోట చిగురు, ఆ చిగురుకు మళ్లీ బుల్లి ఆకులు. కిందెక్కడో ముందే కట్టిన కాయ ఒకటి పగిలి, అందులోంచీ ఆకులే వస్తున్నాయి. గింజ అన్నమాటే లేదు.

"ఎరువు ఎక్కువైంటుందిలే పాపా, పచ్చంగా ఉండేదాన్ని ఎందుకు పీకేది?" అన్నాడు చిన్నాయన.

ఎరువు కాదు, ఇది వెర్రి తెగులు. ఫైటోప్లాస్మా అనే బ్యాక్టీరియా వల్ల వస్తుంది. ఇలాంటి తెగుళ్లను చాలాకాలం వైరస్ ఖాతాలో వేశారు. 1967లో జపాన్‌లో దోయి, ఆయన తోటి శాస్త్రవేత్తలు గిడసబారిన మల్బరీ మొక్కల ఆహారనాళాలను ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద చూశాక అసలు సంగతి బయటపడింది. మన పలమనేరు, కుప్పం రైతులు పట్టుపురుగులకు మేపే మల్బరీయే! ఈ బ్యాక్టీరియాకు కణకవచం ఉండదు కాబట్టి, ఆ కవచాన్నే దెబ్బతీసే పెన్సిలిన్ లాంటివి దీన్నేమీ చేయలేవు. టెట్రాసైక్లిన్ కొన్నాళ్లు అణచిపెడుతుంది, ఆపితే తిరగబెడుతుంది. బూజు తెగుళ్ల మందులకైతే ఇది అసలే లొంగదు. అయినా మందుల కొట్లవాళ్లు అడిగిన రైతు చేతిలో అవే పెట్టి డబ్బు తీసుకుంటుంటే నాకు కడుపు రగిలిపోతుంది.

మోసుకొచ్చేది దీపపు పురుగు. చేలో నడిస్తే ఆకుల కిందనుంచి ఎగిరి, వాలినచోట పక్కవాటుగా నడిచి దాక్కుంటుందే, అదే. జబ్బు మొక్క రసం పీల్చినప్పుడు బ్యాక్టీరియా దాని కడుపులో చేరి, అక్కడే పెరిగి, కొన్ని వారాలకు లాలాజలంలోకి వస్తుంది. ఇక ఆ పురుగు బతికున్నన్నాళ్లూ ఏ మొక్క రసం పీల్చినా దానికి అంటించగలదు. మన ఎండలకు గట్ల మీది గడ్డి మాడిందంటే, ఇవన్నీ బోరు కింద పచ్చగా ఉన్న కయ్యల్లోకి దిగుతాయి. నీళ్లు తక్కువున్న చోట పచ్చదనమే వాటికి గురి.

అంటుకున్న మొక్క బయటపడేది పూత మీద. అప్పటికి మందు కొట్టినా ఆ మొక్క బాగుపడదు. కొట్టేది పక్క మొక్కల కోసం. అందుకని ముందు లీటరు నీళ్లకు 5 మిల్లీలీటర్ల వేపనూనె కలిపి చేనంతా పిచికారీ చేయించి, ఆ తర్వాతే జబ్బు మొక్కల్ని వేళ్లతో పీకించాను. ముందే పీకి గట్టున పడేస్తే, వాడిపోతున్న మొక్కను వదిలి పురుగులు పక్క సాళ్లకు పోతాయి. పీకినవి పూడ్చిపెట్టాం.

చెరకులో గడ్డిదుబ్బు తెగులూ ఈ జాతిదే. అక్కడ పురుగు కంటే విత్తనపు ముచ్చెలతోనే, అంటే నాటే గడ ముక్కలతోనే, ఎక్కువ పాకుతుంది. జబ్బు తోటలోంచి ముచ్చెలు తేకపోతే సగం గండం గడిచినట్టే.

ఇప్పుడు నా దిగులంతా వంగతోట మీద. ఆకులు గోరంత చిన్నవై, కణుపులు దగ్గరపడి, చెట్టంతా గుబురెక్కితే అదీ వెర్రి తెగులే. నూగుల్లో నా మాట విన్న చిన్నాయన ఇక్కడ వినడం లేదు. ఇంకొక కోత వస్తుందేమోనని ఆశ. రాదు, బాగా ముదిరిన చెట్టు మళ్లీ కాయ పట్టదు. పైగా వాళ్ల తోట గట్టున బిళ్లగన్నేరు, ఉమ్మెత్త ఉన్నాయి. ఫైటోప్లాస్మా వాటిలోనూ బతుకుతుంది. ఈ ఆదివారం నేనే పోయి ముందు గట్టు శుభ్రం చేయిస్తాను. వంగచెట్ల సంగతి పెద్దమ్మతో చెప్పిస్తే ఆయన కాదనడు.