పసిబిడ్డ మలంలో అసిటేట్ కొలవడం: డైపర్ నుంచి డేటా దాకా నా అనుభవం

తల్లీబిడ్డల మెటబొలోమిక్స్‌లో, అంటే శరీరమూ సూక్ష్మజీవులూ తయారుచేసే చిన్న అణువుల్ని కొలిచే పనిలో, నేను ఎక్కువ శ్రద్ధ పెట్టేది డైపర్ తెరిచిన తొలి నిమిషాల మీదే. తల్లిపాలలోని ఒలిగోశాకరైడ్లు అనే చక్కెర గొలుసులను పేగులోని బిఫిడోబ్యాక్టీరియా తిని అసిటేట్, లాక్టేట్ అనే ఆమ్లాలు వదులుతాయి. బిడ్డ ఎదుగుదలతో పోల్చి చూసేది వీటినే. మలం బయటికొచ్చినా బ్యాక్టీరియా పని ఆపవు. గది వేడిలో ఉన్నంతసేపూ అది పులుస్తూనే ఉంటుంది, అసిటేట్ పెరుగుతూనే ఉంటుంది. అందుకే మలం వచ్చిన టైమూ, ఫ్రీజర్‌లో పెట్టిన టైమూ రెండూ రాయిస్తాం. మొదటిది తెలియని శాంపిల్‌ని ఈ కొలతకు వాడను.

డైపర్ జెల్ నీటిని లాగేస్తుంది కాబట్టి తడి బరువు లెక్క మారిపోతుంది. జెల్‌కి తగలని పైభాగాన్నే తీస్తాం. మూత్రం కలిస్తే అందులోని హిప్యురేట్ లాంటి పదార్థాల పీకులు (యంత్రం గీసే శిఖరాలు) మలంవే అనిపిస్తాయి. డీఎన్ఏ కోసం వాడే నిల్వ ద్రావణాల్లో కొన్నింటిలో ఉప్పు విపరీతం, మాస్ స్పెక్‌లో (అణువుల్ని బరువుని బట్టి గుర్తించే యంత్రంలో) సిగ్నల్‌ని నొక్కేస్తుంది. కాబట్టి మెటబొలోమిక్స్ ట్యూబు మొదటి నుంచీ వేరు, అందులో ఏమీ కలపం. డ్రై ఐస్ మీద చిన్న ముక్కలుగా పంచి మైనస్ 80 డిగ్రీల్లో పెడతాం. తర్వాత ఒక్కో పరీక్షకు ఒక్కో ట్యూబు తీస్తే కరిగించి మళ్లీ గడ్డకట్టించే పని ఉండదు.

ఫ్రీజ్ డ్రై చేస్తే, అంటే గడ్డకట్టించి వాక్యూమ్‌లో ఆరబెడితే, అసిటేట్ కొంత ఆవిరైపోతుంది. పొడి బరువు కావాలంటే వేరే ముక్కని ఆరబెట్టాలి. కొలతకు 50 మిల్లీగ్రాముల తడి మలాన్ని 500 మైక్రోలీటర్ల 50 శాతం అసిటోనైట్రైల్‌లో పూసలతో కుదిపి, 4 డిగ్రీల్లో 14,000 జి దగ్గర 10 నిమిషాలు తిప్పుతాం. అసిటేట్ మరీ చిన్న అణువు, మాస్ స్పెక్‌కి ముందు అణువుల్ని వేరుచేసే మామూలు సీ18 కాలమ్ మీద నిలవదు. అందుకని దానికి పెద్ద అణువొకటి తగిలించడానికి, పైన తేరిన ద్రవం 40 మైక్రోలీటర్లకు 200 మిల్లీమోలార్ 3-నైట్రోఫినైల్ హైడ్రజీన్ 20 మైక్రోలీటర్లు, ఆ రెంటినీ అతికించే ఈడీసీ (పిరిడిన్ కలిసినది, 120 మిల్లీమోలార్) 20 మైక్రోలీటర్లు చేర్చి, 40 డిగ్రీల్లో అరగంట ఉంచుతాం.

ఇక్కడ రెండు చిక్కులు. అసిటేట్ సాల్వెంట్లలోనూ ప్లాస్టిక్‌లోనూ ఉంటుంది. అందుకే మొబైల్ ఫేజ్‌కి (కాలమ్‌లో పారే ద్రవానికి) అసిటిక్ యాసిడ్ కాకుండా ఫార్మిక్ యాసిడే వాడతాం, ఖాళీ ట్యూబుని కూడా మలంతో పాటు అన్ని దశలూ దాటిస్తాం. రెండోది, తల్లిపాలు తాగే బిడ్డలో అసిటేట్ చాలా ఎక్కువ, పేగు బ్యాక్టీరియా చేసే మరో ఆమ్లం బ్యూటిరేట్ నామమాత్రం. ఒకే పలుచనలో నడిపితే ఒకటి డిటెక్టర్‌ని నింపేస్తుంది, మరొకటి కనపడదు. రెండు పలుచనల్లో నడపడం తప్పదు.

తల్లి శాంపిలూ, బిడ్డ అన్ని వయసుల శాంపిళ్లూ ఒకే బ్యాచ్‌లో ఉండాలి. బాగా ఎదిగినవాళ్లనూ ఎదగనివాళ్లనూ కలగలిపి పెట్టాలి. ప్రతి 10 ఇంజెక్షన్లకు ఒక పూల్డ్ క్యూసీ, అంటే అన్ని శాంపిళ్ల నుంచీ కొంచెం కొంచెం కలిపిన తనిఖీ శాంపిల్, వేస్తాం.

పొడవుని ఇద్దరు కలిసి, బిడ్డని పడుకోబెట్టి 0.1 సెంటీమీటరు దాకా కొలవాలి. జడ్ స్కోరుకి (అదే వయసు పిల్లల సగటు నుంచి ఎంత దూరమో చెప్పే అంకెకి) 2006 నాటి డబ్ల్యూహెచ్ఓ ప్రమాణాలు వాడతాం. నెలలు నిండకుండా పుట్టినవారికి సవరించిన వయసే తీసుకోవాలి. పొడవు నెలల తరబడి పోగైన లెక్క, అసిటేట్ ఆ రోజు లెక్క. కాబట్టి రెండు విజిట్ల మధ్య జడ్ స్కోరు ఎంత మారిందన్నదే నేను చూస్తాను. పైపాలు, యాంటీబయాటిక్స్, ప్రసవం తీరు మోడల్‌లో ఉండాలి, అన్నిటికన్నా ముందు వయసు ఉండాలి. ఘనాహారం మొదలై తల్లిపాలు తగ్గేకొద్దీ బ్యూటిరేట్ ఎలాగూ పెరుగుతుంది. వయసు వదిలేస్తే పెద్ద బిడ్డలకి బ్యూటిరేట్ ఎక్కువన్న మామూలు సంగతే ఎదుగుదల రహస్యంలా కనిపిస్తుంది.