ఎర్ర కార్డా, పచ్చ కార్డా?

పీసీకి గ్రాఫిక్స్ కార్డు కొందామనుకుంటున్న. ఎర్రదంటే ఏఎండీ, పచ్చదంటే ఎన్విడియా. నల్లగొండల ఎవర్ని అడిగినా ఒకటే మాట: "కండ్లు మూస్కొని ఎన్విడియా తీస్కో అన్నా." విండోస్ నడిపేటోళ్లకు సరే. నాది ఉబుంటు, అంటే లినక్స్, లెక్క వేరే.

ఏఎండీ డ్రైవర్ లినక్స్ గుండెకాయ అసొంటి కెర్నెల్‌లనే ఉంటది, దానికి తోడు మీసా అనే గ్రాఫిక్స్ సాఫ్ట్‌వేర్. కార్డు పెట్టినమా, స్క్రీన్ వచ్చిందా, అయిపాయె. ఎన్విడియాకు పూర్తి స్పీడు గావాలంటే దాని డ్రైవర్ వేరేగ ఎక్కియ్యాలె. కెర్నెల్ మారినప్పుడల్లా ఆ డ్రైవర్ మాడ్యూల్, అంటే కెర్నెల్‌ల కలిసే ముక్క గూడ, కొత్త కెర్నెల్‌కు సరిపోయేటట్టు ఉండాలె. 2012ల లినక్స్‌ను పుట్టిచ్చిన లైనస్ టోర్వాల్డ్స్ అందరి ముంగటనే ఆ కంపెనీని తిట్టిండు. అయితే 2022ల వాళ్లు కెర్నెల్ మాడ్యూళ్ల సోర్సు బయటపెట్టిన్రు. అప్పటికన్న ఇప్పుడు చాన నయం, ఉన్నది ఉన్నట్టు చెప్పాలె గద.

మా తమ్ముడే ఒప్పుకోలే. "మరి క్యూడా ఎట్లన్నా?" అన్నడు. మెషిన్ లెర్నింగ్ నేర్చుకుంటుండు వాడు, ఆ లెక్కలు ఎన్విడియా కార్డు మీద నడిపే సాఫ్ట్‌వేరే క్యూడా. ఆడ నాకు నోరు లేవలే. ఏఎండీకి గూడ అసొంటిదే రోకెమ్ ఉన్నది గని అన్ని కార్డుల మీద నడవది.

గని పీసీ నాది, పైసల్ నావి. నేను ఆడేది స్టీమ్ గేములు. ఆ స్టీమోళ్లు అమ్మే చేతిల పట్టుకొని ఆడే మిషిన్ స్టీమ్ డెక్‌ల గూడ ఏఎండీ చిప్పే గదా! తమ్మున్ని వాని మోడళ్లు ఆన్‌లైన్‌ల గూగుల్ కొలాబ్‌ల నడుపుకోమన్న. మూతి ముడిచిండు.

ఆదివారం ఏఎండీ కార్డు కోసం సికింద్రాబాద్‌ల కంప్యూటర్ సామాన్ల బజారు సీటీసీకి పోతున్న. బండి మీద ఒక సీటు ఖాళీ, వచ్చేటోళ్లు చెప్పుండ్రి.