వేప గింజల కషాయం, దోమ లార్వాలు: మహబూబ్‌నగర్‌లో వానాకాలం చిట్టా

వేప కషాయం పోసిన మరునాడు కూడా లార్వాలు హుషారుగా తిరుగుతుంటే చాలామంది "వేప పని చెయ్యదు" అని వదిలేస్తారు. అది తొందరపాటు. వేప వెంటనే చంపే మందు కాదు. లార్వా చర్మం విడిచి పెద్దదవ్వాలంటే ఒంట్లో ఒక హార్మోన్ విడుదల కావాలి. వేప గింజలోని అజాడిరాక్టిన్ దాన్ని అడ్డుకుంటుంది. అందుకే ఈసారి ఇంట్లోనే గ్లాసుల్లో లార్వాలు వేసి పరీక్షిస్తూ, చచ్చినవాటి లెక్కతో ఆగకుండా, ఒక్కో గ్లాసులోంచి చివరికి ఎన్ని దోమలు లేచాయో చూస్తున్నాను.

జులై

మా వీధిలో యాపచెట్ల కింద రాలిన పండ్లు ఏరి, గుజ్జు కడిగేసి, గింజలు నీడన ఆరబెట్టాను. అజాడిరాక్టిన్ ఎండకు విరిగిపోతుంది కాబట్టి ఎండలో వద్దు. ఆరాక గోనెసంచిలో దాచాలి. ప్లాస్టిక్ కవర్లో అయితే చెమ్మ పట్టి బూజు వస్తుంది. నల్లబడిన పప్పు పక్కన పడేశాను.

పాళ్లు మన పత్తి రైతులు వాడే 5 శాతం కషాయానివే: 100 లీటర్ల నీళ్లకు 5 కిలోల గింజల పప్పు పొడి. నాకు లీటరుకు 50 గ్రాములు సరిపోయింది. మెత్తగా నూరితే నూనె దిగి ముద్ద కడుతుంది, రవ్వలా దంచితే చాలు. రాత్రంతా నానబెట్టి, పొద్దున పాత పంచె గుడ్డ రెండు మడతలు వేసి వడకట్టాలి. అదే రోజు వాడెయ్యాలి.

లార్వాలు కూలర్ అడుగున, పెరట్లో గోలెంలో కావలసినన్ని దొరికాయి. టీ జాలితో తీసి తెల్ల గిన్నెలో వేస్తే బాగా కనిపిస్తాయి. తోక దగ్గరి గొట్టం నీటి పైకి ఆనించి తలకిందులుగా వేలాడేవి ఏడిస్, క్యూలెక్స్. ఏడిస్ గొట్టం పొట్టిగా, క్యూలెక్స్‌ది పొడుగ్గా ఉంటుంది. గొట్టం లేకుండా నీటి పైన అడ్డంగా పడుకున్నట్టు ఉంటే అది మలేరియా మోసే అనాఫిలిస్. డెంగీ దోమ ఏడిస్ కాబట్టి నా గ్లాసులన్నీ దానికే.

ఆగస్టు

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో లార్వా మందుల పరీక్షకు ఇచ్చిన పద్ధతినే ఇంటికి తగ్గట్టు పెట్టుకున్నాను. గ్లాసుకు 100 మిల్లీలీటర్ల నీళ్లు, ఎదుగుదలలో మూడో దశ చివర్లోనో నాలుగో దశ మొదట్లోనో ఉన్న 25 లార్వాలు (చర్మం విడిచిన ప్రతిసారీ ఒక కొత్త దశ). కొళాయి నీళ్లలో క్లోరిన్ పోవడానికి ఒక రాత్రి ఉంచాలి. 90 మిల్లీలీటర్ల నీళ్లకు 10 మిల్లీలీటర్ల కషాయం కలిపితే అర శాతం, 98కి 2 కలిపితే 0.1 శాతం. పక్కన మందు లేని గ్లాసు తప్పనిసరి. అందులోనే 20 శాతానికి మించి చస్తే మొత్తం పరీక్ష పారబొయ్యాలి. 5 నుంచి 20 శాతం మధ్య చస్తే అబ్బాట్ సూత్రంతో సరిచెయ్యాలి: మందు గ్లాసు చావు శాతంలోంచి మందు లేని గ్లాసు శాతం తీసేసి, దాన్ని వందలోంచి మందు లేని గ్లాసు శాతం తీసేస్తే వచ్చిన అంకెతో భాగించి, వందతో గుణించాలి.

సబ్బు సంగతి చాలా ముఖ్యం. పొలంలో కషాయం ఆకుకు అంటుకోవాలని సబ్బు కలుపుతారు. అదే సబ్బు గ్లాసులో నీటి తలతన్యత తగ్గిస్తుంది. అప్పుడు లార్వా పైకి ఆనుకుని గాలి పీల్చలేక మునిగి చస్తుంది, పేరు వేపకు వస్తుంది. సబ్బు వేస్తే సబ్బు నీళ్లు మాత్రమే ఉన్న గ్లాసు ఒకటి పక్కన ఉండాలి. నేను వెయ్యలేదు.

మొదటి రోజు అర శాతం గ్లాసులో కొన్నే చచ్చాయి. తర్వాతే అసలు పని కనిపించింది. మందు లేని గ్లాసులో లార్వాలు కామాల్లా వంగిన ప్యూపాలై (దోమగా మారేముందు దశ), దోమతెర గుడ్డ కింద దోమలుగా లేస్తుంటే, వేప గ్లాసువి ఇంకా లార్వాలుగానే ఉన్నాయి. భూతద్దం పెట్టి చూస్తే ఒకదానికి తల వైపు ప్యూపాగా మారింది, తోకకు మాత్రం పాత చర్మం అలాగే చిక్కుకుని ఉంది. ఇంకొక దోమ ప్యూపా తొడుగులోంచి సగం వచ్చి, కాళ్లు ఊడి రాక అక్కడే చచ్చింది. 0.1 శాతంలో కూడా లేచినవి తక్కువే. అప్పటికే ప్యూపాలైనవాటి మీద మాత్రం ప్రభావం కనిపించలేదు. అవి తిండి తినవు, లార్వాలా మళ్లీ చర్మం విడవాల్సిన పనీ లేదు.

రోజూ చిటికెడు చేపల మేత పొడి వెయ్యాలి, ఎక్కువైతే నీటి పైన తెట్టు కట్టి అన్నీ చస్తాయి. తెర గుడ్డకు రబ్బరు బ్యాండు గట్టిగా బిగించాలి. ఇంట్లో డెంగీ దోమలు పెంచుతున్నామన్న టెన్షన్ ఉండాల్సిందే.

అక్టోబరు

పాలమూరులో ఉండి సీతాఫలం గింజ వదలలేం. బాలానగర్ రకం పేరే మన జిల్లాలోని ఊరిది. గింజలోని ఎసిటోజెనిన్లు కణంలో శక్తి తయారయ్యే చోటే దెబ్బ కొడతాయి, వేపలా ఎదురుచూడక్కర్లేదు. కానీ అవి నీళ్లలో సరిగా దిగవు, స్పిరిట్ కావాలి. పైగా ఆ పొడి కంట్లో పడితే నల్లగుడ్డు దెబ్బతింటుంది. పేలకని తలకు రాసుకుని కళ్లు పాడుచేసుకున్నవాళ్లున్నారు. చేపలకూ విషమే. పిల్లలున్న ఇల్లు కాబట్టి ఈ పని ఆపేశాను.

ఇప్పుడు

మోరీల్లో కషాయం పొయ్యొచ్చా అని పక్కింటి అక్క అడిగింది. వద్దన్నాను. ఎండకు అజాడిరాక్టిన్ కొద్ది రోజుల్లోనే పోతుంది, మిగిలిన పిండి కుళ్లుతుంది. ఆ వాసనకే క్యూలెక్స్ ఆడదోమ వచ్చి నీటి మీద తెప్పలా గుడ్లు పెడుతుంది. తాగే నీళ్ల డ్రమ్ములోనూ వెయ్యకూడదు. దాన్ని వారానికోసారి ఖాళీ చేసి గోడలు పీచుతో రుద్దాలి, ఏడిస్ గుడ్లు గోడకే అంటుకుని నెలల తరబడి ఎండినా బతుకుతాయి. కషాయం నా లెక్కలో పారబొయ్యలేని నిల్వ నీళ్లకే, అదీ నీడలో ఉన్నవాటికే.

ప్రస్తుతం ఒకే పాళ్ల కషాయం ఒక గ్లాసు ఎండలో, ఒకటి నీడలో ఉంచి, కొన్ని రోజుల తేడాతో కొత్త లార్వాలు వేస్తున్నాను. నల్లగొండ బత్తాయి తొక్కలు జ్యూస్ బండి దగ్గర తెచ్చి పెట్టాను. తొక్క నూనెలో ఉండేది ఎక్కువగా లిమోనిన్, అది నీళ్లలో కలవదు. కలపాలంటే సబ్బు వెయ్యక తప్పదు కాబట్టి సబ్బు నీళ్ల గ్లాసులు ముందే సిద్ధం చేశాను.