ఎనుమాముల యార్డులో నవ్వే కాక

"ఏం బిడ్డా, కాటాకు మిర్చి వచ్చిందా, నువ్వొచ్చినవా? గట్ల బిర్రుగ నిలబడ్డవ్!"

హమాలీ కాక మాటకు చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వారు. నాకూ నవ్వాగలేదు.

పొద్దున్నుంచి మిర్చి అమ్మడానికి వరంగల్ ఎనుమాముల మార్కెట్లోనే ఉన్నాం. తేజ మిర్చి ఘాటుకు తుమ్ములే తుమ్ములు. రేటు విన్న దగ్గర్నుంచి బాపు నోరు విప్పలేదు. అంత టెన్షన్లో ఈ కాక బస్తాకో మాట విసురుతున్నాడు. తలకు చుట్టిన తువాల కారం పట్టి ఎర్రబడింది. కళ్లూ అంతే. ఆ కళ్లతోనే నవ్వుతున్నాడు.

ఎవరినీ చిన్నబుచ్చే మాట ఒక్కటీ లేదు. పక్కవాణ్ని ఏడిపించి పదిమందిని నవ్వించేవాళ్లు ఊరికొకరుంటారు, ఈయన ఆ రకం కాదు. బాపు దగ్గరికొచ్చినప్పుడు అసలు జోకే వేయలేదు. "చాయ్ తాగినవా అన్నా?" అని అడిగి పక్కన కూర్చున్నాడు. ఎక్కడ నవ్వించాలో, ఎక్కడ ఊరుకోవాలో ఆయనకు తెలుసు.

సరదా మనిషంటే ఏ బాధా లేనివాడని అనుకుంటాం. రోజంతా బస్తాలు మోసే మనిషికి నడుం నొప్పి ఉండదా? ఇంట్లో ఖర్చులుండవా? ఆ చిరాకు ఎదుటివాళ్ల మీద పడనివ్వడం లేదు, అంతే. దానికి చాలా గుండె కావాలి. చిర్రుబుర్రులాడటానికి ఏం కావాలి, ఈ ఎండ చాలు.

రేటైతే పెరగలేదు. చాయ్ తాగాక మాత్రం బాపు మాటల్లో పడ్డాడు. మన వరంగల్ చపాటా మిర్చికి 2025లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది కదా, వచ్చే ఏడు ఒక ఎకరంలో అది పెడదామా అని కాకనే సలహా అడుగుతున్నాడు.