ఎథిక్స్ పేపర్ రెండోసారి రాసి పాసయ్యాను: ప్రేమ, వివాహం యూనిట్ గురించి

రిజల్ట్ నిన్న సాయంత్రం వచ్చింది. క్రిస్టియన్ ఎథిక్స్ పాసయ్యాను, దేవునికి స్తోత్రం. పోయినసారి ఇదే పేపర్ నన్ను ఏడిపించింది కాబట్టి, మళ్లీ రాయబోయేవాళ్ల కోసం అన్నీ గుర్తున్నప్పుడే రాస్తున్నాను. లైంగికత, ప్రేమ, వివాహం యూనిట్‌ను చాలామంది "మనకు తెలిసిందే కదా" అని చివరికి నెట్టేస్తారు. నేనూ అదే చేశాను.

మొదటిసారి ప్రేమ మీద పెద్ద ప్రశ్న వచ్చింది. ప్రేమకు గ్రీకులో ఉన్నాయని అందరం బట్టీ పట్టే నాలుగు మాటలే రాశాను: స్టోర్గే (కుటుంబ ప్రేమ), ఫిలియా (స్నేహం), ఎరోస్, అగాపే. అగాపే దేవుని ప్రేమ, ఎరోస్ శరీర వాంఛ, ఒకటి పైది, ఒకటి కిందది. పేజీలు నిండాయి, బాగా రాశాననే ధైర్యంతో బయటికొచ్చాను. ఫెయిల్. రెండు వారాలు పుస్తకం ముట్టలేదు.

మళ్లీ మొదలుపెట్టాక ఒక రాత్రి సెప్టువజింట్, అంటే గ్రీకు పాత నిబంధన, పక్కన పెట్టుకుని 2 సమూయేలు 13 చదువుతున్నాను. దావీదు కొడుకు అమ్నోను తన సవతి చెల్లెలు తామారును బలాత్కారం చేశాక, అంతకుముందు ప్రేమించినదానికంటే ఎక్కువగా ఆమెను ద్వేషించాడని 15వ వచనం చెప్తుంది కదా, ఆ "ప్రేమ"కు గ్రీకులో ఉన్న మాట అగాపే! ఒళ్లు జలదరించింది. పరమగీతము 8:6లో ప్రేమ మరణమంత బలమైనదన్న చోట కూడా అదే మాట, అక్కడ మాట్లాడుతున్నది ప్రియురాలు. ఇక ఎరోస్ అనే నామవాచకం కొత్త నిబంధనలో ఒక్కసారి కూడా లేదు. మరి నేను మూడు పేజీలు నింపింది దేనితో?

అగాపే, ఎరోస్‌లను గట్టిగా విడగొట్టి చూపించింది 1930లలో స్వీడన్ వేదాంతి ఆండర్స్ నీగ్రెన్. 2005లో పోప్ బెనెడిక్ట్ 16 తన మొదటి విశ్వలేఖలో (పోప్ సంఘమంతటికీ రాసే లేఖ) వాటిని పూర్తిగా వేరు చేయలేమన్నారు. పరీక్షలో అడిగేది ఈ వాదాన్నే. నిర్వచనాలు రాసి ఆపేస్తే సగం మార్కులు కూడా రావు.

మిగతావి కూడా ఈ కన్నుతోనే చదివాను. 1 కొరింథీ 7:1లో స్త్రీని ముట్టకపోవడం మేలన్న మాట కొరింథీయులు తమ ఉత్తరంలో రాసిందేనని, పౌలు దాన్ని ఎత్తి చూపి జవాబిస్తున్నాడని చాలామంది పండితులు అంటారు. 4వ వచనంలో భర్త దేహం మీద భార్యకూ అధికారం ఉందన్నాడు, అది తప్పకుండా రాయండి. తొలి శతాబ్దాల సంఘ వేదాంతి అగస్టీన్ శరీరాన్ని అసహ్యించుకున్నాడని ఒక్క ముక్కలో తేల్చకండి, సంతానం, నమ్మకత్వం, విడదీయరాని బంధం అని వివాహానికి మూడు మేళ్లు చెప్పింది ఆయనే. ఒకప్పుడు సన్యాసి అయిన సంస్కర్త లూథర్ పెళ్లి చేసుకున్నది 1525లో. గర్భనిరోధం విషయంలో 1930లో ఆంగ్లికన్ బిషప్పులు కొన్ని పరిస్థితుల్లో సరేనన్నారు, అదే ఏడాది చివర పోప్ కాదన్నారు, 1968లో ఇంకో పోప్ మళ్లీ కాదన్నారు. ఇంత చాలు.

ఇంత తవ్వితే విశ్వాసం ఏమవుతుందని కొందరు నన్నే అడిగారు. రేపు సంఘంలో పెళ్లయి నలిగిపోతున్న ఒక చెల్లి వచ్చి కూర్చుంటే, బట్టీ పట్టిన నాలుగు గ్రీకు మాటలు ఆమెకు చెప్తామా? నేను తవ్వింది అందుకే, తప్పు చేశానని అనుకోవడం లేదు. రోజూ తెల్లవారుజామున లేచి, ఫోన్ వేరే గదిలో పెట్టి, ప్రార్థన చేసుకుని వాక్యభాగాన్ని మొదటి నుంచి చివరిదాకా చదివాను. మూడ్ వస్తే చదువుదామని కూర్చుంటే రాదు, తమ్ముళ్లూ చెల్లెళ్లూ, సేవకు పిలుపు ఉందంటున్న మనకే క్రమశిక్షణ లేకపోతే ఎలా?

ఇంకొకటి. ఎఫెసీ 5 వస్తే జవాబు 22వ వచనం (భార్యలు భర్తలకు లోబడాలన్నది) నుంచి మొదలుపెట్టకండి. బాగా పాతవైన కొన్ని గ్రీకు ప్రతుల్లో 22లో "లోబడండి" అనే క్రియే లేదు, ఒకరికొకరు లోబడమనే 21 నుంచే దాన్ని తెచ్చుకోవాలి. ఈసారి నా జవాబు మొదటి వాక్యం అదే.